ముప్పై కిలోల్లో ఒడిబియ్యం

మేం ఉండేది పోర్ట్ బ్లెయిర్‌లో. కాగితాల మీద ఊరి పేరు మారింది గానీ మా నోళ్ళకు కొత్త పేరు ఇంకా అలవాటు కాలేదు. ఇక్కణ్ణుంచి హైదరాబాదు వెళ్ళాలంటే రైలు లేదు, బస్సు లేదు. ఓడెక్కితే ఒడ్డు కనపడేసరికే సెలవులు సగం అయిపోతాయి. మిగిలింది చవక విమానం. అందులో మనిషికి పదిహేను కిలోల సామాను, చేతిసంచీ ఏడు కిలోలు. అంతకు మించితే కిలోకు వాళ్ళు అడిగే రేటు వింటే, ఆ సామాను కంటే మనమే ఎక్కువ బరువు అనిపిస్తుంది.

బరువుల గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడి ఓడరేవులో సరుకు తూకాలు రాస్తున్నాను. ఎవరైనా సంచీ చేతికిస్తే బరువెంతో పావుకిలో తేడాతో చెప్పేస్తాను. ఈ విద్య చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది. ఈ ప్రయాణంలో ఆ పొగరు దిగింది.

నా భార్య సుజాతది హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాక. వాళ్ళది పాల వ్యాపారం. పదకొండేళ్ళ క్రితం వాళ్ళ పాత బర్రెల కొట్టం అమ్మేటప్పుడు ఆమె సంతకం కావలసి వచ్చింది. ఆమె పెన్ను తీసింది. నేను అలవాటుకొద్దీ, "ఒక్క నిమిషం, కాగితాలు చదివి పెడుతుంది" అన్నాను. నలుగురి ముందూ అన్నాను. వాళ్ళన్న యాదగిరి లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాగితాల్లో తప్పేమీ లేదు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. పుట్టింటి ఊసొస్తే సుజాత వంటింట్లోకి వెళ్ళిపోయేది, నేను పేపరు తిరగేసేవాణ్ణి.

ఈ ఏడాది ఉన్నట్టుండి ఫోనొచ్చింది. "చెల్లె, నీకు ఒడిబియ్యం పోస్త. బావను తీస్కోని రా" అన్నాడు యాదగిరి. అంతే, పెట్టేశాడు. సుజాత ఫోను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

మా గోదావరి వైపు ఆడపిల్లకు చలిమిడి పెట్టి పంపుతారు. తెలంగాణలో అన్నదమ్ములు పెళ్ళయిన ఆడబిడ్డను కొన్నేళ్ళకోసారి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒళ్ళో పోయిస్తారు. ఆమె వాటిని తన ఇంటికి తెచ్చుకుని, వండి నలుగురికీ పెట్టాలి. చిక్కల్లా అక్కడే ఉంది. ఆ బియ్యాన్ని ఇంత అని కొలవరు, చేతులతో పోస్తారు. పోసినవన్నీ తీసుకెళ్ళాలి. "ఒక్క గింజ ఇడిచిపెట్టినా మా అన్నను తక్కువ చేసినట్టే" అని సుజాత టిక్కెట్లు తీసే ముందే నాకు చెప్పింది. అప్పుడు తలూపాను.

ఛత్రినాక

శంషాబాద్ విమానాశ్రయానికి యాదగిరి తెలిసినవాళ్ళ ఆటో వేసుకుని వచ్చాడు. తల నెరిసింది. సుజాతను చూసి, "బక్కగైనవ్" అన్నాడు. ఆమె, "నువ్వు ముసలోడివైనవ్" అంది. పదకొండేళ్ళకు అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. నా వైపు తిరిగి "మంచిగున్నవా బావ" అని సూట్‌కేసు అందుకున్నాడు. బాగున్నానని తల మాత్రం ఊపాను.

బర్రెలు ఊరవతలికి వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇంటి ముందు గదిలో పాలూ పెరుగూ అమ్మే దుకాణం మాత్రం ఉంది. పెరుగు ఇక్కడ తూకానికి ఇస్తారు. మట్టిపాత్రలోంచి కోసి ఆకుమీద వేసినట్టు కవర్లో వేస్తారు. మా దీవుల్లో పొడిపాలతో తోడుపెట్టిన పెరుగు తినీ తినీ నాలుక మొద్దుబారిపోయింది కాబోలు, మొదటి ముద్దకే కళ్ళు మూతపడ్డాయి. యాదగిరి భార్య లక్ష్మి అది చూసి మాట్లాడకుండా ఇంకో గరిటె వేసింది. ఆమె మాట తక్కువ మనిషి. నాకు వరసకు చెల్లెలు, అన్నా అని పిలుస్తుంది.

సాయంత్రం ఆమెతోపాటు కూరగాయలకు వెళ్ళాను. పాలకూర కట్ట పది రూపాయలంటే ఆవిడ ఎనిమిదికి బేరమాడుతోంది. మా ఊళ్ళో ఓడ ఆలస్యమైన వారం ఆ కట్టకు నలభై ఇచ్చి, ఇచ్చినందుకు థాంక్స్ కూడా చెబుతాం. ఆ మాటంటే ఆమె నమ్మలేదు. "మరి ఏం తింటరన్నా?" అంది. "చేపలు" అన్నాను. "దినాం?" అంది జాలిగా.

సుజాత మాట మాత్రం దిగిన గంటలోనే మారిపోయింది. నాతో పాతికేళ్ళు కాపురం చేసి నేర్చిన 'వచ్చాను, వెళ్ళాను' గడప బయటే వదిలేసి, 'వచ్చిన, పోయిన' అంటూ వదినతో గలగలా మాట్లాడుతోంది. పక్కగదిలో కూర్చుని ఆ మాటలు వింటూ, ఒక్క అనవసరమైన వాక్యంతో ఈమెకు ఎంత లేకుండా చేశానా అనుకున్నాను.

హుస్సేనీ ఆలం

రెండోరోజు తిరుగు ప్రయాణం లెక్క మొదలుపెట్టాను. నా దగ్గర కొక్కేనికి తగిలించి తూచే చిన్న మిషను ఒకటుంది. దానికి మా ఖాళీ సూట్‌కేసు తగిలిస్తే నాలుగు కిలోలు చూపించింది. రెండు సూట్‌కేసులకు ఎనిమిది. ముప్పైలో ఎనిమిది పెట్టెలకే పోతే ఇక పెట్టేదేముంది? సంచులు కుట్టే ఖాదర్ భాయ్ హుస్సేనీ ఆలంలో ఉన్నాడని యాదగిరి చెబితే, ఒక సూట్‌కేసు పట్టుకుని ఆటో ఎక్కాను.

మూడు మెట్లెక్కితే వచ్చే చిన్న గది, ఒక కుట్టు మిషను, గోడలనిండా దళసరి గుడ్డ చుట్టలు. ఖాదర్ భాయ్‌కి అరవై ఉంటాయి. సూట్‌కేసును ఒక వేలితో ఎత్తి చూశాడు.

"సాబ్, ఇది ఖాలీగున్నప్పుడే నాలుగు కిలోలుంది. మీరు సామాన్ తీస్కపోతున్నరా, డబ్బా తీస్కపోతున్నరా?"

"అందుకే కదా మీ దగ్గరికి వచ్చాను."

"ఎక్కడికి? దుబాయా, జెద్దానా?"

"అండమాన్."

మిషను ఆపాడు. "కాలాపానీ? అక్కడికి ఇష్టంగ పోతరా సాబ్ ఎవరన్న?"

ఆ జైలు ఇప్పుడు జైలు కాదని, పర్యాటకులు టిక్కెట్టు కొనుక్కుని వస్తారని చెప్పాను. నమ్మినట్టు మర్యాదగా తలాడించి, చాయ్ తెప్పించాడు. చెరో కప్పూ, రెండు ఉస్మానియా బిస్కెట్లూ. తాగుతుంటే తన వృత్తి రహస్యాలు చెప్పాడు. విమానానికి వెళ్ళే సంచీకి జిప్పు పైన కాదు, పక్కన ఉండాలట. అడుగున రెండు పొరలు చాలట. "ముప్పై ఏండ్లసంది కుడుతున్న. బీవీలు ఊరగాయ పెడ్తరు, మొగోళ్ళు బరువైందని ఇక్కడికొచ్చి తీసేస్తరు. నేను కొన్న ఊరగాయ లేదు సాబ్, అంతా వాళ్ళు తీసేసిందే తిన్న."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకు తర్వాత తగులుతుందని అప్పుడు తెలీదు.

రెండు సంచులకు ఏడువందలు అడిగాడు. గంటలో కుట్టి ఇచ్చాడు. రెండూ కలిపి కిలో కూడా లేవు. బియ్యం పోయడానికి విడిగా తెల్లగుడ్డతో మూతికి తాడున్న సంచీ ఒకటి కావాలన్నాను. దేనికని అడిగాడు. చెప్పాను. అది కుట్టి, మడిచి, పైన పెట్టాడు. డబ్బు తీయబోతే చేయి అడ్డం పెట్టాడు. "చెల్లె బియ్యానికి పైసల్ తీస్కోను సాబ్. మా బహెన్‌కు నేను పెట్టినట్టే అనుకుంట." వాళ్ళ చెల్లెలు ఎక్కడుందని అడిగాను. సంతోష్‌నగర్‌లోనే ఉందట, వారానికోసారి వచ్చి లొల్లి చేసి పోతుందట. చెప్పేటప్పుడు ఆయన ముఖం మురిసింది.

ఇంతవరకూ అన్నీ మంచి మనుషులూ మంచి మాటలే. తిరిగొస్తూ సందు మొగలో పాత ఇనుప సామాను అమ్మే బండి కనపడింది. అందులో ఒక రెండు కిలోల తూకపురాయి ఉంది. ఇనుపది. అడుగున సీసం పోసి, ఏటేటా తనిఖీ చేసి కొట్టిన ముద్రలు వరసగా ఉన్నాయి. తూకాలు రాసి బతికినవాడికి అది నగలా కనపడింది. నూట యాభై ఇచ్చి కొన్నాను. ముప్పై కిలోల కోసం సూట్‌కేసు వదిలించుకోవడానికి వెళ్ళినవాణ్ణి, రెండు కిలోల ఇనుము చంకన పెట్టుకుని వచ్చాను. సుజాతకు చెప్పలేదు. లుంగీలో చుట్టి సంచీ అడుగున పెట్టేశాను.

ఒడి నిండింది

మూడోరోజు పొద్దున్నే ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. మమ్మల్నిద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టారు. నాకు కొత్త బట్టలు పెట్టారు. సుజాత కొత్త చీర కొంగు ఒళ్ళో పరుచుకుంది. పసుపు కలిపిన బియ్యం పెద్ద తాంబాళంలో గుట్టగా ఉంది. ముందు లక్ష్మి, తర్వాత మిగతా ముత్తైదువలు, దోసిళ్ళతో తీసి సుజాత ఒళ్ళో పోయసాగారు. బియ్యంలో పసుపుకొమ్ములు, ఖర్జూరాలు, వక్కలు ఉన్నాయి. చివర్న ఐదు కుడుకలు పెట్టారు. కుడుకలంటే ఎండుకొబ్బరి చిప్పలు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను మనసులో తూకం వేస్తూ కూర్చున్నాను. ఒక్కో దోసిలి రెండువందల గ్రాములు. లక్ష్మివి పెద్ద చేతులు, రెండువందల యాభై. ఆరు కిలోలు దాటింది. ఏడు. ఎనిమిది దగ్గర ఆగారు. తలెత్తి చూస్తే సుజాత ఒడి పట్టలేక రెండు చేతులతో కొంగు పైకి పట్టుకుని ఉంది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు బియ్యం మీద పడుతున్నాయి. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డ యాదగిరి పైకప్పు వైపు చూస్తున్నాడు.

తర్వాత సుజాత ఆ బియ్యంలోంచి ఐదు పిడికిళ్ళు తీసి, వంటింట్లో వాళ్ళ బియ్యం డబ్బాలో వేసింది. పుట్టింట్లో బియ్యం తరగకూడదని అలా వేస్తారట. మిగతాది ఖాదర్ భాయ్ కుట్టిన తెల్లసంచీలో పోసి ముడివేశారు. భోజనాల్లో మటన్ కూర, బగారా అన్నం. మా వైపు ఇలాంటి శుభకార్యానికి మాంసం వండితే పెద్ద గొడవవుతుంది. ఇక్కడ వండకపోతే గొడవట. నేను రెండోసారి వడ్డించుకుని ఈ ఆచారమే బాగుందని ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా కొక్కెం మిషను తీశాను. చేతిసంచులు చీరలూ సకినాల డబ్బాలతో అప్పటికే ఏడేసి కిలోలు అందుకున్నాయి. మామిడికాయ తొక్కు, నెయ్యి, ఇత్తడి గిన్నె, బట్టలు, బియ్యం అన్నీ కలిపి పెద్ద సంచులు రెండూ ముప్పై రెండు చూపించాయి. రెండు కిలోలు ఎక్కువ. లుంగీలో ఉన్న రాయి సరిగ్గా రెండు కిలోలు.

మంచివాడెవడైనా ఏం చేస్తాడో మీకు తెలుసు. నేను తెల్లసంచీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఐదు పిడికిళ్ళు వేయడం ఆచారమైనప్పుడు ఐదు గిన్నెలు వేస్తే తప్పేమిటని నాకు నేనే చెప్పుకున్నాను. బియ్యం పారేయడం లేదు కదా, వాళ్ళ డబ్బాలోకే వెళుతున్నాయి కదా అనుకున్నాను. రెండు కిలోలు వాళ్ళ బియ్యం మీద పోసి, మూత పెట్టి, ముడి మళ్ళీ వేసేశాను. తూకం సరిపోయింది. తృప్తిగా నేనూ ఓ కునుకు తీశాను.

ఆటో వచ్చేలోగా

నాలుగోరోజు పొద్దున్న యాదగిరి ఆటో కోసం వీధి చివరికి వెళ్ళాడు. సుజాత పక్కింటివాళ్ళకు చెప్పి రావడానికి వెళ్ళింది. లక్ష్మి నా దగ్గరికి వచ్చి ఒక గుడ్డ మూట చేతిలో పెట్టింది. పట్టుకోగానే బరువు తెలిసింది. రెండు కిలోలకు కాస్త పైనే.

"అన్నా, పొద్దుగాల బియ్యం తీస్తుంటే డబ్బా నిండ పసుపుంది. వదిన ఐదు పిడికిళ్ళే ఏసింది, నేను జూసిన. ఇవి మీరు మర్చిపోయినట్టున్నరు."

నేను మూటను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"పైపైన తీసిన. అన్ని ఒచ్చినయో లేదో." గొంతు తగ్గించి, "ఆయనకు చెప్పలె. చెప్ప గూడ. గీ పదకొండేండ్లు ఆయన ఎట్లున్నడో నాకెరుక" అంది.

ఆమె కోప్పడి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. యాదగిరి చెవిన పడితే ఏమయ్యేదో అప్పుడు పూర్తిగా అర్థమైంది. నేను పోసినవి నీ మొగుడికి బరువైనయా అని అడిగి ఉండేవాడు. సుజాత దగ్గర దానికి జవాబు ఉండేది కాదు. మళ్ళీ పదకొండేళ్ళో, ఈసారి ఎప్పటికీనో. "తప్పయిపోయిందమ్మా" అన్నాను. జీవితంలో ఆ మాట అంత తేలిగ్గా నా నోట ఎప్పుడూ రాలేదు. ఆమె, "ఆటో ఒస్తది, జెల్ది సర్దుండ్రి" అని లోపలికి వెళ్ళిపోయింది.

గబగబా సంచీ విప్పి, తూకపురాయి తీసి, ఆ చోట మూట పెట్టాను. రాయి పట్టుకుని నిలబడ్డానో లేదో, గుమ్మంలో యాదగిరి.

"గదేంది బావ?"

"మీ దుకాణానికి... కొన్నాను."

దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి, అడుగున ముద్రలు చూశాడు. నా వైపు చూశాడు. "అప్పుడు కాగితాలు సదవాలె అన్నవ్. ఇప్పుడు తూకపురాయి తెచ్చినవ్. అంటే నా పాల మీద గూడ నమ్మకం లేదు."

నేను ఏదో సాకు వెతుక్కోబోయాను. ఆయన మాత్రం ఒక్కసారిగా నవ్వాడు. పొట్ట పట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వాడు. "నువ్వు మారవు బావ" అంటూ రాయి తీసుకెళ్ళి పెరుగు పాత్ర పక్కన, అందరికీ కనపడేట్టు పెట్టాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నేను అర్హుణ్ణి కాను గానీ, ఇచ్చాడు గనక తీసుకున్నాను.

కౌంటర్ దగ్గర

విమానాశ్రయంలో పెద్ద సంచులు రెండూ తూకానికి పెడితే అంకె ముప్పై మీద ఆగింది. ఊపిరి పీల్చుకునే లోపల కౌంటర్‌లో అమ్మాయి అడిగింది, "పవర్ బ్యాంకులు, లైటర్లు, ఎండుకొబ్బరి ఏమన్న ఉన్నయా అంకుల్?"

సుజాత నా ముఖం చూసింది. కుడుకలు.

"ఒడిబియ్యమా ఆంటీ?" సుజాత పెద్ద సంచీ జిప్పు తీయగానే ఆ అమ్మాయి లోపలి తెల్లసంచీని గుర్తుపట్టింది. "మా అమ్మకు గూడ మొన్ననే పోసిన్రు. కానీ కుడుకలు పోనియ్యరు ఆంటీ, నూనె ఉంటది కదా, అంటుకుంటదని. తీసెయ్యాలె."

"దారిల ముడి ఇప్పొద్దు బిడ్డా. ఇడిచిపెట్టొద్దు గూడ" అంది సుజాత. వెనక వరస పెరుగుతోంది. మామూలుగా అయితే ఆ సమయంలో నేను, ఐదు కొబ్బరిచిప్పలకు ఇంత రాద్ధాంతమా అనేవాణ్ణి. ఆ రోజు నోరెత్తలేదు.

వరసలో ఉన్న ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. "ఇడిచిపెట్టొద్దమ్మా, నిజమే. పంచిపెట్టొచ్చు గద. ఎట్లయిన వండి పంచేదే." సుజాత ఒక్క నిమిషం ఆలోచించింది. పక్కకు జరిగి కూర్చుని, దండం పెట్టుకుని ముడి విప్పింది. కుడుకలు బల్ల అంచున కొట్టి ముక్కలు చేసింది. పెద్దావిడకు, కొత్తగా పెళ్ళయి దీవులు చూడబోతున్న జంటకు, మా ఊళ్ళోనే బట్టల దుకాణం ఉన్న ఒక బెంగాలీ పెద్దమనిషికి, అందరికీ తలా ముక్క. బెంగాలీ ఆయన ప్రసాదమనుకుని కళ్ళకద్దుకున్నాడు. కౌంటర్ అమ్మాయి డ్యూటీలో తినకూడదంటూనే ఒక ముక్క జేబులో వేసుకుంది. చివరి ముక్క నాకొచ్చింది. అంత తీయని కొబ్బరి నేను తినలేదు.

మా వంటింట్లో

ఇంటికొచ్చిన మూడోరోజు ఒడిబియ్యం వండాం. మా వరసలో ఉండే శ్రీకాకుళం వాళ్ళను, తమిళులను, రాంచీ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాన్ని పిలిచాం. పొద్దున్నే సుజాత తెల్లసంచీలోవి, మూటలోవి చేటలో గుమ్మరించింది.

"ఇదేంది? మూటల సగం తెల్లబియ్యం ఉన్నయ్. అసలు రెండు మూటలెట్లయినయ్?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. చెప్పలేదు. తూకపురాయి కొన్న దగ్గర్నుంచి లక్ష్మి మూట ఇచ్చేదాకా మొత్తం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"రాయి కోసం తీసినరా?"

"అవును."

"మీకు సిగ్గుండాలె" అంది. ఉంది, చాలానే ఉంది, అదే చెప్పాను. తెల్లగింజలను, పసుపు గింజలను వేళ్ళతో కలుపుతూ చాలాసేపు కూర్చుంది. లక్ష్మి తీసినప్పుడు కలిసిన గింజలు అన్ని ఉండవు. తక్కువ కాకూడదని వాళ్ళ డబ్బాలోంచి తనే ఇంకొన్ని దోసిళ్ళు పోసి ఉండాలి. ఆ సంగతి నాకంటే ముందు సుజాతకే అర్థమైంది. లేచి, ఏదీ ఏరకుండా అన్నీ ఒకే గిన్నెలో పోసి కడిగింది.

పొయ్యి మీద పెట్టాక వదినకు ఫోను చేసింది. జరిగింది ఏమీ ఎత్తలేదు. వానల గురించి, యాదగిరి మోకాలినొప్పి గురించి మాట్లాడుకున్నారు. చివర్న అటువైపు నుంచి లక్ష్మి గొంతు నాకూ వినపడింది.

"బియ్యం అన్ని ముట్టినయా వదినా?"

సుజాత నా వైపు ఒకసారి చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కువే ముట్టినయ్ వదినా" అంది.